నల్లగుడ్డ మీద వాన

రాండ్ గారింటి పొగగదిలో పందితొడలు పొగబెట్టి నిలవ చెయ్యడానికి వేలాడదీస్తారు. ఆ ఉదయం అందులో ఒక మనిషిని పెట్టి తాళం వేశారు.

నేను వెళ్లేసరికి షెరీఫ్ లెమ్యూయల్ క్లాప్ ఆ తలుపు ముందు పీపా మీద కూర్చుని, తుపాకి ఒళ్లో పెట్టుకుని, వడిలిపోయిన ఆపిల్ పండు ఒకటి కొరుకుతున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు డాక్టరుగారూ. హంతకుణ్ణి నేను పట్టేశాను" అన్నాడు.

"శవాన్ని నేనింకా చూడనేలేదు."

"నేను చూశాగా. మీరు అలా వెళ్లి, ప్రాణం పోయిందని ఒక ముక్క రాసిచ్చేస్తే చాలు. మధ్యాహ్నం చర్చి గంట కొట్టగానే బండి కట్టిస్తున్నా. తిన్నగా జిల్లా జైలుకే."

"ఆ బండి సారాకొట్టు ముందునుంచేగా పోవాలి?"

"మరి వేరే దారి లేదే!" అని నవ్వాడు.

సారాకొట్టు దగ్గర పొద్దుటినుంచే జనం తాగుతున్నారు. దారిలోనే ఉరి తీసేద్దామని ఎవడో మోకు కూడా తెచ్చాడు. నేను వస్తూ కళ్లారా చూశాను. క్లాప్‌కీ తెలుసు. ఆకులు రాలే కాలానికి షెరీఫ్ ఎన్నికలున్నాయి. జైలుకు చేరని ముద్దాయి వల్ల ఆయనకు వచ్చే నష్టమేమీ లేదు.

నా పేరు హైరమ్ పెల్టన్. రాండ్స్‌బరో ఊరికి వైద్యుణ్ణి, జిల్లాకు కరోనర్ని. అనుమానంగా ఎవరు పోయినా, ఎలా పోయారో తేల్చవలసింది నేనే. నేను తేల్చేదాకా ముద్దాయిని కదపకూడదని చట్టం ఉంది. చట్టం చెప్పాను. క్లాప్ ఆపిల్ గింజలు ఉమ్మి, "గంట కొట్టేదాకా తేల్చుకోండి. ఆ తర్వాత చట్టం బండెక్కుతుంది" అన్నాడు.

పోయినవాడు థియోఫిలస్ రాండ్. పదకొండు నవలలు రాశాడు. పదకొండూ అడవి గురించే. అడవి అంచున గుడిసె వేసుకుని బతికే వేటగాళ్లు, తోడేళ్లు, తెల్లవాళ్లకు దారి చూపించి చివరి పేజీలో కొండ కొమ్మున నిలబడి ప్రాణం విడిచే ఒనైడా తెగ వీరులు. లండన్‌లో దొరసానులు అవి చదివి కళ్లు తుడుచుకునేవారట. ఈ ఊరు కట్టించింది ఆయన తండ్రి. ఆ ఊరి మీదే కొడుకు దావాలు వేశాడు. నా ఒడ్డున చేపలు పట్టారని ఒకటి, నా చెట్లు కొట్టారని ఇంకొకటి. దాంతో మూడేళ్లుగా ఆ గుమ్మం తొక్కేవాళ్లం ఇద్దరమే మిగిలాం. బుట్టలు అల్లి అమ్ముకునే కొర్నేలియస్ డాక్స్‌టేటర్, ఆదివారం సాయంత్రం టీకి వచ్చే నేను. ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన చెల్లెలూ. అడవి గురించి అంత రాసిన మనిషి ఓసారి తన పెరటి వెనక అడవిలోనే దారి తప్పితే, కొర్నేలియస్ చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ సంగతి మాత్రం ఏ నవల్లోనూ రాలేదు.

ఇప్పుడు ఆ కొర్నేలియస్సే పొగగదిలో ఉన్నాడు. ఒనైడా తెగవాడు, అరవై దాటినవాడు, ఆదివారం నాకంటే ముందు చర్చికి వెళ్లేవాడు. తలుపు తీయించి లోపలికి వెళ్లాను.

"ఏమయ్యా కొర్నేలియస్, దెబ్బలేమైనా తగిలాయా?"

"ఈ పందితొడలే నెత్తికి తగులుతున్నాయి డాక్టరూ. షెరీఫ్ ఇంకా చెయ్యి చేసుకోలేదు."

"మొదట్నించీ చెప్పు."

"చెప్పేదేముంది? రోజూలాగే వచ్చా. ఎండ బాగా వచ్చాక. రాసుకునే గుడిసె తలుపు దగ్గరికి వేసుంది. పిలిస్తే పలకలేదు. తోసుకుని వెళ్లి చూస్తే పొయ్యి పక్కన వెల్లకిలా ఉన్నాడు. ముట్టుకుంటే మంచు. ఇంటికి పరిగెత్తా."

"తలుపు కొట్టావా?"

"కొట్టే పని లేకపోయింది. బార్లా తీసుంది. అమ్మగారు వంటింట్లో కూర్చునుంది. సంగతి చెప్పి, మీ ఇంటికీ ఈయన ఇంటికీ నేనే వచ్చా. మనిషిని చంపి షెరీఫ్ ఇల్లు వెతుక్కుంటూ పోయే వెర్రివాణ్ణి నేనొక్కణ్ణేనేమో!"

"రాత్రి ఎక్కడున్నావు?"

"నా గుడిసెలో."

"చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

కొర్నేలియస్ నవ్వాడు. అందులో నవ్వేమీ లేదు. "మా ఆవిడ పోయింది. పిల్లలు మావాళ్లందరితో పాటు పడమటికి, గ్రీన్ బే వైపు వెళ్లిపోయారు. ఒంటిగా ఉండేవాడు రాత్రి ఇంట్లోనే పడుకున్నాడని ఎవరు చెబుతారు? మీకెవరైనా చెబుతారా డాక్టరూ?"

నాకూ ఎవరూ చెప్పరు. నా భార్య పోయి ఏడేళ్లయింది. రాత్రి నేను ఇంట్లో ఉన్నానో, చెరువులో ఉన్నానో అడిగేవారు లేరు. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నా టోపీ అంచు సరిచేసుకున్నాను.

"నిన్న ఆయనతో గొడవ పడ్డావట?"

"రోజూ గొడవే. ఈసారి పుస్తకంలోనైనా నన్ను చంపొద్దయ్యా అన్నా. ఇప్పటికి ఆయన చేతిలో నాలుగుసార్లు చచ్చా. నాలుగుసార్లూ కొండ మీదే, పొద్దు కుంకేటప్పుడే. మోకాళ్ల నొప్పులయ్యా, కొండెక్కలేనయ్యా అంటే వినడే!" అన్నాడు. "కానీ నా మాట కూర్చుని వినేవాడు. ఈ ఊళ్లో ఇంకెవరు వింటారు? ఇహ పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో తెలీటంలేదు."

బయటికి వచ్చాను. ఈ మనిషి చంపలేదని నా ప్రాణానికి తెలుసు. కానీ నా ప్రాణానికి తెలిసినంత మాత్రాన మోకు ఆగదు. చంపిందెవరో పేరు చెప్పగలిగితేనే ఆగుతుంది.

రాండ్ రాసుకునే గుడిసె ఆపిల్ తోట చివర, సరస్సు ఒడ్డున ఉంది. పచ్చి దుంగలతో, వేటగాళ్లు కట్టుకున్నట్టే కట్టించుకున్నాడు. చక్కని ఇల్లుండగా ఇదేమిటంటే, ఇక్కడైతేనే అడవి మాట్లాడుతుందనేవాడు. గుమ్మం ముందు నేలంతా బురద. క్లాప్ నాకంటే ముందు నడిచి, ఒకచోట కర్రతో చూపించాడు.

"ఇవిగో. జింకతోలు జోళ్లు. మడమ గుర్తుందా? లేదు. వేళ్లు ఎటు తిరిగున్నాయో చూడండి. లోపలికి! రాండ్ గారి మూడో నవల్లో అచ్చంగా ఇదే ఉంది. అడివి మనిషి అడుగు లోపలికి పడుతుంది, తెల్లవాడి అడుగు బయటికి పడుతుంది అని." మాటతో ఆగక, పొట్ట ఊపుకుంటూ అలా నడిచి కూడా చూపించాడు.

"వీపు మీద బుట్టల మూట వేసుకుని ముప్పై ఏళ్లు తిరగండి. మీ వేళ్లూ లోపలికే తిరుగుతాయి. అవునుగానీ, రాత్రి వాన ఎప్పుడు పడింది?"

"సారాకొట్టు మూశాక మొదలైంది. కుండపోత. తెల్లారకముందే వెలిసింది. మా కప్పు కారుతుందిలెండి, కింద గిన్నెలు మార్చుకుంటూ కూర్చున్నా."

"అయితే వంగి ఆ అడుగులు చూడండి. పక్కన నేలంతా చినుకులు పడి గుంటలు గుంటలుగా ఉంది. అడుగుల్లో ఒక్క గుంటా లేదు. ఇవి వాన వెలిశాక పడ్డవి."

క్లాప్ వంగాడు కానీ చూసినట్టు లేదు. "లోపలికి రండి, అసలు వస్తువు చూపిస్తా" అన్నాడు.

రాండ్ పొయ్యి పక్కన పడి ఉన్నాడు. చేతిని లేపితే కర్రలా లేచింది. ఒళ్లంతా బిగుసుకుపోయింది. పోయింది నిన్న రాత్రే, వానకు ముందే. తలకు వెనక, పుర్రె లోపలికి దిగిపోయింది. పక్కన ఈకలు కట్టిన గద ఒకటి పడి ఉంది. దాని తలకాయకు నెత్తురు అంటింది. పొయ్యి పైన గోడకు దాన్ని తగిలించిన మేకు ఖాళీగా ఉంది.

"యుద్ధగద. తెగవాళ్లది. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు క్లాప్.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. తూచి చూడనక్కరలేదు. రెండడుగులు వేసి, ద్వారబంధానికి వేసి గట్టిగా కొట్టాను. గద తలకాయ ఊడి, గంతులేస్తూ పోయి క్లాప్ బూటు దగ్గర ఆగింది.

"సాక్ష్యాన్ని విరగ్గొడతారా! మతి ఉందా మీకు?"

"బెండు లాంటి కర్ర, జిగురు, నల్లరంగు. న్యూయార్కు నాటకాల కంపెనీవాళ్లు ఆయన రెండో నవల ఆడినప్పుడు కానుకగా ఇచ్చారు. స్టేజి మీద ఇది రోజూ ఇద్దరు ముగ్గుర్ని చంపేది. నిజంగా ఎలుకని కూడా చంపలేదు. ఆయన పడబోతూ గోడ మీదున్న దీన్ని పట్టుకున్నాడు, ఇదీ ఊడి వచ్చింది. నెత్తురు కారి అంటింది."

"మరి పుర్రె ఎలా పగిలింది?"

మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి రాళ్లు ఒక్కొక్కటీ చూశాను. అన్నీ మసి పట్టి, కొవ్వు మరకలు పడి నల్లగా ఉన్నాయి. ఎడమవైపు మూలరాయి ఒక్కటే తెల్లగా ఉంది. తుడవడం కాదు, తోమి కడిగారు. పక్క సందుల్లో మసి కూడా తీసేశారు. ఆ రాతి కొన పుర్రెలోని గుంటకు సరిగ్గా సరిపోయింది.

"ఇక్కడ పడ్డాడు" అన్నాను. "తనంతట తను కాలు జారి పడ్డాడంటే, పోయినవాడు లేచి రాయి కడగలేదుగా. ఇంకొకరున్నారు. తోశారు."

క్లాప్ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. మరుక్షణం వెలిగింది. "సరే, గద కాదు. తోశాడు! వానకి ముందు వచ్చి తోసేసి పోయాడు. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి అడుగులు వేశాడు. మీ వాన నా కేసుకే సాయం చేసింది డాక్టరుగారూ."

"చంపడానికి వచ్చినవాడు కూర్చుని రాయి తోముతాడా?"

"అదంతా న్యాయమూర్తి అడుగుతాడు. నాకు కావలసింది పేరు. వాడు కాకపోతే ఎవరు? చెప్పండి. రాండ్ మీద పళ్లు నూరేవాళ్లు ఊళ్లో నూరుమంది. ఈ గుడిసెకి వచ్చేవాడు ఒక్కడు." గొంతు తగ్గించి దగ్గరికి వచ్చాడు. "ఒక మాట చెప్పనా? నేను ఊరి ఓట్లతో షెరీఫ్‌నయ్యాను. మీరు ఈ ఇంటి టీతో కరోనర్‌గా ఉన్నారు. ఆ కప్పు టీ పోతుందని, ఆ ఇంట్లో ఎవర్నీ ఒక్క ప్రశ్న అడగరని ఊరంతా అనుకుంటోంది."

చెంపదెబ్బ కొట్టినట్టయింది. కొట్టినవాడు మూర్ఖుడే, కానీ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. పొద్దుటినుంచీ నేను వంటింటి వైపు కాలు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు.

రాండ్ చెల్లెలు మెహిటబెల్ నా కోసం టీ పెట్టే ఉంచింది. యాభై రెండేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. బూడిదరంగు గౌను, దువ్వి బిగించిన జుట్టు. పళ్లెంలో మొక్కజొన్న రొట్టె. నేను అడగకుండానే టీలో రెండు చెంచాల తేనె వేసింది. అంత తియ్యగా తాగుతానని ఈ లోకంలో ఇప్పుడు ఆవిడకొక్కదానికే తెలుసు. ఎన్ని ఆదివారాలో ఆవిడతో ఒక మాట చెప్పాలని బయలుదేరి, వాతావరణం గురించి మాట్లాడి తిరిగి వెళ్లాను.

"కూర్చోండి హైరమ్ గారూ. మీరు అడగాల్సినవి అడగండి."

"నిన్న రాత్రి అన్నగార్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"చీకటి పడుతుంటే భోజనం పట్టుకెళ్లి ఇచ్చాను. వచ్చి పడుకున్నాను."

"పొద్దున?"

"కొర్నేలియస్ తలుపు కొడితే మెలకువ వచ్చింది. కిందికి వచ్చి సంగతి విన్నాను. తోటలో తేనెటీగలకి ఆ సంగతి చెప్పి వచ్చి, ఇక్కడే కూర్చున్నాను."

తలుపు కొడితే. బార్లా తీసి ఉన్న తలుపును కొర్నేలియస్ కొట్టలేదన్నాడు. కంగారులో ఇద్దరిలో ఎవరో మరిచిపోయి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. టీ ఇంకో గుక్క తాగాను.

"తేనెటీగలకి చెప్పేటప్పటికి ఎండ వచ్చేసిందా?"

"వచ్చేసింది. ఆలస్యమే. ఏం చెయ్యను, నాకు తెలిసిందే అప్పుడు."

మా వైపు ఇంట్లో మనిషి పోతే తేనెటీగలకు చెప్పాలి. ఇంటి పెద్ద పోతే మరీను. ఆ తర్వాత వచ్చే సూర్యుడు పొడవకముందే ఒక్కొక్క గూటి మీద తట్టి, ఫలానా ఆయన పోయారు, ఇకమీదట మీ యజమాని ఫలానావారు అని పేరు పెట్టి చెప్పి, గూటికి నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే ఈగలు అలిగి లేచిపోతాయి. లేకపోతే గూట్లోనే చచ్చిపోతాయి. నేను చదువుకున్నవాణ్ణే, వైద్యం తెలిసినవాణ్ణే. అయినా ఈ విషయంలో వేళాకోళం ఆడే ధైర్యం నాకు లేదు. మా ఊళ్లో ఎవరికీ లేదు.

పొద్దెక్కాక చెప్పారంటే ఇక ఆ ఈగలు నిలవవు. ఆవిడకు మిగిలినవి అవే. పాపం, ఒక్కసారి చూసి వద్దామని తోటలోకి నడిచాను. అంతకన్నా వేరే ఉద్దేశం నాకు లేదని ఒట్టు వేసి చెప్పగలను.

ఆపిల్ చెట్లు పూత మీదున్నాయి. వాటి కింద సున్నం వేసిన బల్ల మీద, గడ్డితో అల్లిన గూళ్లు ఆరు వరసగా ఉన్నాయి. ఈగలు నిక్షేపంగా ఉన్నాయి. పూల మీదికి పోతున్నాయి, వస్తున్నాయి. అలగలేదు, లేచిపోలేదు. ఆలస్యంగా చెప్పించుకున్న ఈగల్లా లేవు.

అప్పుడు గుడ్డలు చూశాను. గూటికొక నల్లటి ముడతల గుడ్డ. బరువుగా వేలాడుతోంది. ఆరు గుడ్డల నుంచీ నల్లరంగు దిగి, పసుపుపచ్చని గడ్డి మీద చారలు కట్టి, కింద బల్ల సున్నం మీద మడుగులై ఎండిపోయింది. ఒక గుడ్డ కొస పట్టుకుని పిండాను. నల్లనీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి.

ఆకాశం వైపు చూశాను. నీలంగా, శుభ్రంగా ఉంది. తెల్లవారినప్పటినుంచి ఒక్క చినుకు పడలేదు. కొర్నేలియస్ అడుగుల్లోనే పడలేదు, ఈ గుడ్డల మీద ఎక్కడిది పడడానికి? ఇవి వాన వెలియక ముందు కట్టినవి. కొర్నేలియస్ ఇంకా తన గుడిసెలో పడుకుని ఉండగా, రాండ్ పోయాడని లోకంలో ఎవరికీ తెలియకముందు, ఎవరో వచ్చి ఆరు గూళ్లకూ ఆ వార్త చెప్పి వెళ్లారు.

ఆ చెట్టు కింద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా వృత్తిలో నేను చాలా శవాల పక్కన కూర్చున్నాను. అంత ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు. క్లాప్ ఈ తోటలోంచి మూడుసార్లు నడిచి వెళ్లాడు. నవలలో లేనిది ఆయన కంటికి కనిపించదు. ఈ ఆరు గుడ్డలూ విప్పి పొయ్యిలో పారేస్తే, వచ్చే ఆదివారం నాకు టీ ఉంటుంది. కొర్నేలియస్ ఉండడు. అంతే తేడా.

తిరిగి వంటింట్లోకి వెళ్లాను. మెహిటబెల్ నా చేతుల వైపు చూసింది.

"సబ్బు ఇస్తాను, కడుక్కోండి."

"గుడ్డలు ఎప్పుడు కట్టారు మెహిటబెల్ గారూ?"

సబ్బు కోసం లేచిన మనిషి అలాగే నిలబడిపోయింది. నేనే మళ్లీ అన్నాను. "రంగు దిగింది. వాన తెల్లారకముందే వెలిసింది."

"ఆ గుడ్డ రంగు దిగుతుందని కొన్నప్పుడే అనుకున్నాను" అంది. తర్వాత కూర్చుంది. "ఉరుముతోంది. వాన వచ్చేలా ఉంది. తెల్లారిందంటే మించిపోతుంది. అప్పటికి చెయ్యకూడని పనులన్నీ చేసేశాను హైరమ్ గారూ. ఈ ఒక్కటీ తప్పకూడదనిపించింది."

"ఏం జరిగింది?"

"మామూలే. అన్నయ్య రాసింది చదివాడు, నేను విన్నాను. ఇన్నేళ్ల నుంచీ అంతేగా. చదవడం ఆయన వంతు, బాగుందనడం నా వంతు. నేనేదైనా చెప్పబోతే కలం సరిచేసుకునేవాడు. నిన్నటి అధ్యాయంలో ఒక ముసలి కన్య ఉంది. తేనెటీగలతో మాట్లాడుతుంది. కాళ్ల నొప్పులు చెప్పుకుంటుంది. ఆదివారం వచ్చే ఒక వైద్యుడి గురించి చెప్పుకుంటుంది. వినలేక విసుగెత్తి, ఈగలన్నీ లేచిపోతాయి."

నల్లరంగు అంటిన నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అవి నేను అన్న మాటలే. ఒక్కటి మార్చలేదు. ఎన్నాళ్లనుంచో చెట్టు చాటున నిలబడి వింటున్నాడట. నా గొంతు పెట్టి చదివాడు. 'లండనంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుందే బెల్' అన్నాడు. కాగితాలు ఇమ్మన్నాను. ఇవ్వలేదు, చెయ్యి పైకెత్తి ఆడించాడు, చిన్నప్పటిలాగే. తోశాను."

"పడ్డాక?"

"ఊపిరి ఉంది. చాలాసేపు."

"మా ఇల్లు ఎంత దూరం! నన్ను పిలవలేదేం?"

"లేచి కూర్చుని నవ్వుతాడేమోనని భయమేసింది" అంది మెహిటబెల్. "అలా చూస్తూ ఉండిపోయాను. తర్వాత రాయి కడిగాను. మురికిగా ఉంచడం చేతకాదు నాకు."

"కొర్నేలియస్‌ని పట్టుకున్నారని తెలిసి కూడా..."

"మీరు విడిపిస్తారనుకున్నాను. మీరు తెలివైనవారు. ఎలాగోలా విడిపిస్తారు, నా దాకా రాకుండా విడిపిస్తారు అనుకున్నాను. అది కుదరదని, మీరు తోటలోకి వెళుతుంటే అర్థమైంది."

అప్పుడు అన్నాను. అనకూడని మాటే. ప్రమాణం చేసిన కరోనర్ని, అయినా అన్నాను. "ఆ గుడ్డలు నేను తప్ప ఎవరూ చూడలేదు. పొయ్యిలో నిప్పుంది."

ఆవిడ తలెత్తి నా కళ్లలోకి చూసింది. అన్ని ఆదివారాల్లో ఒక్కసారీ అలా చూడలేదు. "ఇవాళ కూడా వాతావరణం గురించి మాట్లాడతారనుకున్నాను" అని నవ్వింది. "వద్దు హైరమ్ గారూ. కొర్నేలియస్ ఈ బల్ల దగ్గర కూర్చుని నా రొట్టె తిన్న మనిషి. ఆయన్ని మోకుకి ఇచ్చి మనం టీ తాగలేం."

సారాకొట్టు వైపునుంచి కేకలు దగ్గరవుతున్నాయి. క్లాప్ గుర్రాల్ని అదిలించడం వినిపించింది. వెంటనే చర్చి గంట మొదలైంది. మెహిటబెల్ మేకుకున్న బానెట్ టోపీ తీసి తలకు పెట్టుకుని, గడ్డం కింద ముడి వేసుకుంది. బండి దగ్గర అంతమంది ముందు ఈ మాట ఆవిడ చెబుతుందో, నేనే చెప్పాలో నాకు తెలియడం లేదు.

గుమ్మం దగ్గర ఆపాను. విచారణకు అవసరమని నాతో నేను అనుకున్నాను కానీ, అవసరం నాదే. "గూళ్ల దగ్గర ఏమని చెప్పారు?"

"ఉన్నదున్నట్టు. వాటితో అబద్ధం చెప్పకూడదుగా. థియోఫిలస్ పోయాడు, తోసింది నేనే అని చెప్పాను."

"కొత్త యజమాని పేరు కూడా చెప్పాలి. మీ పేరు చెప్పుకున్నారా?"

మెహిటబెల్ తల అడ్డంగా ఊపింది. "జైలుకి పోవలసినదాని పేరు చెప్పి వాటిని మోసం చెయ్యనా?" అని గుమ్మం దాటి ఎండలోకి నడిచి, వెనక్కి తిరిగింది.

"మీ పేరు చెప్పాను."